ముందరికాళ్ళు

హొసకోటె సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా
జిరాక్సు షాపు మెట్టు పక్కన నా బల్ల.
అనువాదం పేజీకి నూట ఇరవై.
ఆ వారం వచ్చింది ఒక పాత కౌలు కాగితం,
మడతల దగ్గర చిరిగి, వంకర ఇంగ్లీషులో.
వాదులు మదనపల్లె వాళ్ళు. తెలుగులో కావాలన్నారు.

హద్దులు తేలిగ్గానే దిగాయి:
తూర్పున చెరువు కట్ట, పడమర రాగిచేను,
ఉత్తరాన బండిబాట, దక్షిణాన మేత బీడు.
ఏడో షరతు దగ్గర కలం ఆగింది.
బీడులో మేసే పశువులన్నిటినీ
హాబుల్ చేయవలెను.

అట్ట ఊడిన నిఘంటువు తీశాను.
సకర్మకమైతే, కట్టుట:
ముందరికాళ్ళు రెండూ కలిపి,
మేత అందేలా, పారిపోకుండా.
అకర్మకమైతే, కుంటుట.

ఒకటే మాట.
కర్మ ఉంటే కట్టినవాడి చేయి,
కర్మ లేకపోతే కాలి నడక.
(వ్యాకరణంలో కర్మే. బయటి కర్మ సంగతి నాకు తెలీదు.)

మనకేమో ముందరికాళ్ళ బంధం ఉంది.
పై అధికారి ఫైలు తొక్కిపెడితే,
కోర్టు స్టే ఇస్తే,
బావమరిది భాగం అడిగితే
ఆ మాటే వాడతాం.
ఆవు ఎప్పుడో అందులోంచి తప్పుకుపోయింది.

సాయంత్రం మునివెంకటమ్మ దగ్గరికి పోయాను.
కొత్త లేఅవుట్ వెనక ఖాళీ సైటు,
"ఈ స్థలం అమ్మకానికి లేదు" అని బోర్డు,
బోర్డుకి వీపు గోక్కుంటూ కెంపి.

"ఏమప్పా కాగితాలాయనా, పాలకా?"
"కాదు, తాడు చూద్దామని."
నవ్వింది. పళ్ళకి ఆకువక్క రంగు.
"కట్టకుంటే బస్సు కిందికి పోతాది.
గుంజకి కట్టేస్తే ఏమి మేస్తాది, మట్టా?
ఇట్ల అయితే రెండూ జరుగుతాయి."

వంగి చూశాను. అది తాడు కాదు.
నల్ల తీగ, ఇంటర్నెట్టుది.
మునిసిపాలిటీవాళ్ళు చెట్ల మీంచి కోసి పారేసింది.
"నారతాడు నెలకే చీకిపోతాది. ఇది తెగదు.
తెగదనే నాకు భయం."
అందుకని తీగ పొడవునా
పాత చీర అంచు చుట్టి కుట్టింది,
చిలకపచ్చ, మాసిపోయినా చిలకపచ్చే.
ముడికీ కాలికీ మధ్య తన వేళ్ళు దూర్చి చూపింది:
"నాలుగు పట్టాల. మూడే పడితే పుండు,
అయిదు పడితే పరుగు."

ఏ నిఘంటువులోనూ ఈ కొలత లేదు.

దూరంగా ఫ్లైఓవరు మీద దీపాలు వెలిగాయి.
ఆమె మోకాళ్ళ మీద కూర్చుని
పంటితో ముడి విప్పింది.
"చూడు ఇప్పుడు. తీగ తీసేస్తిని కదా,
అయినా పది అడుగులు చిన్నవే వేస్తాది.
దినామూ లెక్కపెడతా.
పదకొండోది దాని సొంతం."

ఇద్దరం లెక్కపెట్టాం.
ఒకటి. రెండు.
కెంపి బరువంతా భుజాల మీద మోస్తూ,
లేని తీగని తెంచకుండా జాగ్రత్తగా,
ఆరు, ఏడు,
తొమ్మిదో అడుగు దగ్గర ఆగింది.
ఎవరో పారేసిన క్యాబేజీ ఆకు.
తలొంచి, కళ్ళు సగం మూసి, తినడం మొదలుపెట్టింది.
మునివెంకటమ్మ ఇంకో ఆవుని తోలుకురావడానికి పోయింది.
నేను కాసేపు నిలబడ్డాను.
చీకటి పడింది. ఆకు అయిపోలేదు.

మర్నాడు వకీలు హరినాథశెట్టి కాగితం తిరగేసి,
"ఇప్పుడక్కడ బీడూ లేదు, పశువులూ లేవు,
రెండొందల ఫ్లాట్లు.
ఏడోది వదిలేస్తే పోదా?" అన్నాడు.
వదలొద్దన్నాను,
నాకే ఆశ్చర్యం వేసేంత గట్టిగా.

పేజీ తగ్గితే డబ్బు తగ్గుతుందని కాబోలు అనుకుని
జేబులోంచి ఇంకో ఇరవై తీసి
బల్ల మీద పెట్టాడు.